కెమెరా కంపెనీ మార్చాలంటే లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి?

ఫోన్ మార్చడం ఒక పూట పని. సిమ్ తీసి కొత్తదాంట్లో వేస్తాం, కాంటాక్ట్స్ అవే వచ్చేస్తాయి, సాయంత్రానికి పాత ఫోన్ తమ్ముడి చేతికి వెళ్ళిపోతుంది. లెన్సులు మార్చుకునే కెమెరా అలా కాదు. దాన్ని కొన్నవాళ్ళు కెమెరా ఒక్కటే కొన్నట్టు కాదు, ఒక ఇంటితో సంబంధం కలుపుకున్నట్టు. లెన్సులు, ఫ్లాష్, బ్యాటరీలు, ఛార్జర్లు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్, చివరికి వేళ్ళ అలవాటు కూడా ఆ ఇంటివే. ఆ ఇంట్లోంచి బయటికి రావాలంటే ఏది వెంట తెచ్చుకోవచ్చు, ఏది వదులుకోవాలి, ఖర్చు ఎక్కడ దాక్కుని ఉంటుంది అన్నదే ఈ వ్యాసం.

ఈ లెక్క నా దగ్గరికి ఎందుకొచ్చిందంటే, అనుమసముద్రంపేటలో మా మామకి చిన్న ఫోటో స్టూడియో ఉంది. ఏ.ఎస్.పేట అంటే చాలామందికి ఖాజా నాయబ్ రసూల్ దర్గా గుర్తొస్తుంది. ఒకప్పుడు దర్గాకి వచ్చిన కుటుంబాలు గుర్తుగా ఒక ఫోటో తీయించుకుని వెళ్ళేవి. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లే. స్టూడియోకి మిగిలింది పెళ్ళిళ్ళు, నిఖాలు, ఓణీల ఫంక్షన్లు, ఇంకా గంధం రాత్రి తీసే ఫోటోలు. అంటే ఆత్మకూరు, ఉదయగిరి వైపు నుంచి వచ్చే ఆర్డర్ల మీదే ఇల్లు నడవాలి. ఆ ఆర్డర్లలో ఇప్పుడు అందరూ ఫోటోలతో పాటు వీడియో కూడా అడుగుతున్నారు. "నువ్వు కంప్యూటర్ సైన్సు జదువుతుండావు గదా అల్లుడా, నికాన్‌లోనే ఉండాల్నా, సోనీకి పోవాల్నా, లెక్క జూసి చెప్పు" అన్నాడు మామ.

ఆయన దగ్గరున్న సామాను ఇది. నికాన్ డీ750 బాడీ, 24–120 జూమ్, 70–200 జూమ్, 50 ఎంఎం, 85 ఎంఎం ఎఫ్/1.8 డీ లెన్సులు రెండు, ఫ్లాష్‌లు, బ్యాటరీలు. ఈ లిస్టు గుర్తుపెట్టుకోండి. సమాధానం ఇందులోనే ఉంది.

మౌంట్ అంటే ఒక ఒప్పందం

బాడీకి ముందు లెన్సు బిగించే ఇనుప రింగుని మౌంట్ అంటారు. మన సీఎస్ భాషలో చెప్పాలంటే అది ఇంటర్‌ఫేస్. లెన్సు ఒక మాడ్యూల్, బాడీ ఇంకో మాడ్యూల్, మౌంట్ ఆ రెండిటి మధ్య ఒప్పందం. ఆ ఒప్పందంలో మూడు విషయాలుంటాయి. ఒకటి కొలతలు, అంటే రింగు వెడల్పు, రింగు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం. రెండోది యాంత్రికం, అంటే ఎటువైపు తిప్పితే బిగుస్తుంది, లోపల మీటలు ఏమైనా ఉన్నాయా అన్నది. మూడోది ఎలక్ట్రానిక్ భాష, అంటే ఫోకస్ ఎక్కడికి జరపాలి, అపెర్చర్ ఎంత తెరవాలి అని బాడీ లెన్సుకి ఎలా చెబుతుంది అన్నది.

కొలతల్లో ముఖ్యమైనది రింగు నుంచి సెన్సర్ దాకా ఉండే దూరం. నికాన్ పాత ఎఫ్ మౌంట్‌కి అది 46.5 మిల్లీమీటర్లు. కెనాన్ ఈఎఫ్‌కి 44. సోనీ ఈ మౌంట్‌కి 18 మాత్రమే. 2018లో వచ్చిన కెనాన్ ఆర్ఎఫ్‌కి 20, అదే ఏడాది వచ్చిన నికాన్ జెడ్‌కి 16.

పాతవాటికి, కొత్తవాటికి ఇంత తేడా ఎందుకంటే మధ్యలో అద్దం. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకి, సెన్సర్‌కి మధ్య ఒక అద్దం ఏటవాలుగా నిలబడి వెలుగుని పైకి, మనం కన్ను పెట్టే చోటికి పంపుతుంది. బటన్ నొక్కినప్పుడు అది లేచి పక్కకి తప్పుకుంటుంది. ఆ అద్దం లేవడానికి చోటు కావాలి. మిర్రర్‌లెస్ కెమెరాలో అద్దమే లేదు కాబట్టి లెన్సుని సెన్సర్‌కి దగ్గరగా తేవచ్చు.

1959, 1987, 2018

నికాన్ ఎఫ్ మౌంట్ 1959లో వచ్చింది. తర్వాత ఆటోఫోకస్ వచ్చింది, డిజిటల్ వచ్చింది, అయినా నికాన్ ఆ రింగుని వదల్లేదు. పాత రింగు మీదే కొత్త పిన్నులు చేర్చుకుంటూ పోయింది. మన ఊళ్ళల్లో పాత ఇంటిని పడగొట్టకుండా ఒక్కో గది కలుపుకుంటూ పోయినట్టు. మంచి సంగతి ఏంటంటే పాత లెన్సులు పనికొస్తూనే ఉన్నాయి. చిక్కు ఏంటంటే ఏ లెన్సు ఏ బాడీ మీద ఎంతవరకు పనిచేస్తుందో చెప్పడానికి ఒక పట్టిక కావాల్సి వచ్చింది.

కెనాన్ 1987లో ఇంకో దారి పట్టింది. అప్పటిదాకా ఉన్న ఎఫ్‌డీ మౌంట్‌ని పక్కన పెట్టేసి ఈఎఫ్ తెచ్చింది. ఎఫ్‌డీకి దూరం 42 మిల్లీమీటర్లు, ఈఎఫ్‌కి 44. ఆ రెండు మిల్లీమీటర్ల వల్ల పాత లెన్సుని కొత్త బాడీ మీద పెడితే మధ్యలో గాజు లేకుండా దూరపు వస్తువులకి ఫోకస్ కుదరదు. పాత లెన్సులు కొన్నవాళ్ళకి అది పెద్ద దెబ్బే. కానీ ఈఎఫ్‌లో బాడీకి, లెన్సుకి మధ్య మీటలు లేవు, అంతా కరెంటు పిన్నుల ద్వారానే జరుగుతుంది. ఆ శుభ్రమైన డిజైన్ ఫలితం ముప్పై ఏళ్ళ తర్వాత, అడాప్టర్ల కాలంలో కనబడింది.

ఇక 2018. ఆ ఏడాది నికాన్ జెడ్, కెనాన్ ఆర్ఎఫ్ రెండూ వచ్చాయి. సోనీ అప్పటికే 2010 నుంచి ఈ మౌంట్ మీద, 2013 నుంచి ఏ7తో ఫుల్‌ఫ్రేమ్‌లో పనిచేస్తోంది. ఇక్కడే అసలు విషయం ఉంది. నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్న మనిషి మిర్రర్‌లెస్‌కి పోవాలంటే, నికాన్‌లోనే ఉన్నా మౌంట్ మారాల్సిందే. బాడీ మీద పేరు మారదు, ఒప్పందం మాత్రం మారిపోతుంది. కాబట్టి "కంపెనీ మారాలా వద్దా" అన్నది తర్వాతి ప్రశ్న. "మౌంట్ ఎలాగూ మారుతోంది, నా లెన్సుల్లో ఎన్ని బతుకుతాయి" అన్నది మొదటి ప్రశ్న.

అడాప్టర్ లెక్క

అడాప్టర్ అంటే లోపల ఖాళీగా ఉండే గొట్టం అనుకోండి. నికాన్ ఎఫ్ లెన్సుకి 46.5 కావాలి. సోనీ బాడీ 18 ఇస్తుంది. తేడా 28.5 మిల్లీమీటర్లు. అంత మందం ఉన్న గొట్టం పెడితే లెన్సుకి తన పాత ఇల్లు దొరికినట్టే. నికాన్ జెడ్ మీద అయితే 30.5. తిరగేసి ఆలోచిస్తే, సోనీ లెన్సుని నికాన్ డీఎస్ఎల్ఆర్ మీద పెట్టాలంటే మందం మైనస్ 28.5 రావాలి. మైనస్ మందంతో గొట్టం ఎవరూ చేయలేరు. అందుకే పాత లెన్సు కొత్త బాడీకి వస్తుంది, కొత్త లెన్సు పాత బాడీకి పోదు. సోనీ లెన్సుని నికాన్ జెడ్ మీద పెట్టడానికి మాత్రం 18లోంచి 16 పోతే 2 మిల్లీమీటర్లు మిగులుతుంది. అంత సన్నని అడాప్టర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి.

కొలత కుదిరినంత మాత్రాన పని అయిపోదు. మీటలు, భాష కూడా కుదరాలి. నికాన్ జీ రకం లెన్సుల్లో అపెర్చర్‌ని బాడీలోని ఒక మీట కదిపి మూస్తుంది, లెన్సు మీద అపెర్చర్ రింగు ఉండదు. సోనీ బాడీలో ఆ మీట లేదు. మామూలు అడాప్టర్ వాడితే అడాప్టర్ మీదే ఒక రింగు తిప్పి అందాజుగా పెట్టుకోవాలి, ఫోకస్ చేత్తో చేయాలి. మోటర్, ఎలక్ట్రానిక్స్ ఉన్న అడాప్టర్లు ఉన్నాయి గానీ, పెళ్ళి పనికి నమ్ముకోవాలంటే మన లెన్సుతోనే ముందు పరీక్షించి చూడాలి. కెనాన్ ఈఎఫ్ లెన్సులు సోనీకి తేలిగ్గా రావడానికి కారణం ఇదే. వాటిలో మీటలు లేవు, భాష ఒక్కటి అనువాదం చేస్తే చాలు. సిగ్మా 2016లో ఎంసీ–11 అనే అడాప్టర్‌తో చేసింది అదే.

డీ లెన్సులది ఇంకో కథ. 50, 85 ఎఫ్/1.8 డీ లెన్సుల్లో ఫోకస్ మోటర్ ఉండదు. బాడీలో ఉన్న మోటర్, స్క్రూడ్రైవర్ లాంటి కొన ద్వారా లెన్సుని తిప్పుతుంది. డీ750లో ఆ మోటర్ ఉంది. నికాన్ సొంత అడాప్టర్ ఎఫ్‌టీజెడ్‌లో లేదు. అంటే మామ నికాన్ జెడ్‌కే పోయినా ఆ రెండు లెన్సులకి ఆటోఫోకస్ పోతుంది. 24–120, 70–200 మాత్రం సొంత మోటర్ ఉన్నవి కాబట్టి బాగానే పనిచేస్తాయి.

కాగితం మీద వేసుకుంటే ఇలా వచ్చింది. డీఎస్ఎల్ఆర్‌లోనే ఉంటే నాలుగు లెన్సులూ బతుకుతాయి. నికాన్ జెడ్‌కి పోతే రెండు పూర్తిగా, రెండు సగం. సోనీకి పోతే నాలుగూ కష్టమే. లెన్సుల లెక్క ఒక్కటే చూస్తే సోనీకి సున్నా మార్కులు.

మరి మారడం ఎందుకు?

"ఫోటో బానే వస్తుండాది గదా" అని అత్త అడిగింది. న్యాయమైన ప్రశ్న. డీ750కి 24 మెగాపిక్సెల్స్, మామ చూస్తున్న సోనీ ఏ7 థ్రీకి కూడా 24. రెండూ ఫుల్‌ఫ్రేమే. పగటిపూట మండపం ముందు తీసిన ఫోటో పక్కపక్కన పెడితే పెళ్ళివారికి తేడా తెలియదు.

తేడా వచ్చేది ఫోకస్‌లో. డీ750లో ఫోకస్ పాయింట్లు 51, అవన్నీ ఫ్రేము మధ్యలోనే గుంపుగా ఉంటాయి. ఏ7 థ్రీలో ఫేజ్ డిటెక్ట్ పాయింట్లు 693, ఫ్రేములో దాదాపు 93 శాతం పరుచుకుని ఉంటాయి. ఇది అంకెల గొప్ప కోసం చెప్పడం లేదు. డీఎస్ఎల్ఆర్‌లో ఫోకస్ చూసే సెన్సర్ వేరే ఉంటుంది, అద్దం కిందికి దిగి ఉన్నప్పుడే దానికి వెలుగు అందుతుంది. వీడియో తీయాలంటే అద్దం పైకి లేవాలి. అప్పుడు ఆ సెన్సర్‌కి ఏమీ కనబడదు. డీ750 వీడియోలో కాంట్రాస్ట్ చూసుకుంటూ ముందుకీ వెనక్కీ వెతుక్కుంటుంది. తలంబ్రాలు పోసుకునేటప్పుడు ఆ వెతుకులాట వీడియోలో కనబడిపోతుంది. ఇది అద్దం ద్వారా వెలుగు అందే ఆ వేరే ఫోకస్ సెన్సర్ మీద ఆధారపడే డిజైన్‌కి ఉన్న పరిమితి. మిర్రర్‌లెస్‌లో ఫోకస్ పాయింట్లు అసలు సెన్సర్ మీదే ఉంటాయి కాబట్టి ఫోటోకీ వీడియోకీ ఒకే కన్ను పనిచేస్తుంది. మనిషి కంటిని గుర్తుపట్టి దాన్నే వెంబడిస్తుంది కూడా.

గంధం రాత్రి ఇంకో రకం పరీక్ష. జనం కదులుతుంటారు, వెలుగు తక్కువ, ఉన్న వెలుగు కూడా రంగురంగుల సీరియల్ లైట్లది. ఇక్కడ మిర్రర్‌లెస్‌కి కూడా ఒక చిక్కు ఉంది. చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే సెన్సర్ పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కొక్కటిగా చదువుతుంది. ఈలోపు లైటు వెలిగి ఆరుతుంటే ఫోటోలో అడ్డచారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దాని మీద నేరుగా వెలిగే లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. మెకానికల్ షట్టర్ పెట్టి, స్పీడు 1/100 లేదా 1/50 ఉంచితే ఒక మినుకు మొత్తం ఫోటోలోకి వస్తుంది, చారల బాధ చాలావరకు తగ్గుతుంది. కొన్ని ఎల్ఈడీ ప్యానెళ్ళ మినుకు వేగం వేరేగా ఉంటుంది, వాటిని ఆ చోటే పరీక్షించి చూసుకోవాలి.

బిల్లులో కనబడని ఖర్చులు

ఫ్లాష్: కెమెరా పైన ఫ్లాష్ పెట్టే చోట మధ్య పిన్ను అందరికీ ఒకటే. అది "వెలుగు" అని చెబుతుంది, అంతే. "ఎంత వెలుగు" అని చెప్పే మిగతా పిన్నులు కంపెనీకొక రకం. నికాన్ ఫ్లాష్ సోనీ మీద ఆటోమేటిక్‌గా పనిచేయదు. కానీ మామ దగ్గరున్నవి గోడాక్స్ రేడియో ఫ్లాష్‌లు. వాటి రేడియో భాష అన్ని కంపెనీలకీ ఒకటే. సోనీ ట్రిగ్గర్ ఒక్కటి కొంటే స్టాండ్ల మీదున్న లైట్లన్నీ పనిచేస్తాయి.

బ్యాటరీ: ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పెళ్ళి పనికి కనీసం మూడు కొత్తవి లెక్కలో వేసుకోవాలి.

సాఫ్ట్‌వేర్: ఇది చాలామంది మర్చిపోయేది. నికాన్ రా ఫైలు ఎన్ఈఎఫ్, సోనీది ఏఆర్‌డబ్ల్యూ. మామ ఒకేసారి డబ్బు కట్టి కొన్న లైట్‌రూమ్ 6కి చివరి అప్‌డేట్ 2017లో వచ్చింది. ఏ7 థ్రీ వచ్చింది 2018లో. అంటే పాత లైట్‌రూమ్‌కి ఆ కెమెరా ఫైలు అర్థం కాదు. దీనికి అడోబీవాళ్ళదే ఉచితంగా దొరికే డీఎన్‌జీ కన్వర్టర్ ఉంది. ముందు మార్చుకుని తర్వాత తెరవాలి. డబ్బు కాదు గానీ, పెళ్ళికి వేల ఫోటోలు మార్చే టైము కూడా ఖర్చే.

రంగు: సెన్సర్ ముందుండే రంగుల ఫిల్టర్లు, వాటిని లెక్కగట్టే పద్ధతి కంపెనీకొక రకం. ఒకే ఆల్బంలో రెండు కంపెనీల ఫోటోలు కలిస్తే ఒక పేజీలో పసుపు పచ్చగా, ఇంకో పేజీలో నారింజగా కనబడుతుంది. పసుపు, కుంకుమ రంగు తేడా వస్తే పెళ్ళికూతురి అమ్మ మొదట పట్టుకుంటుంది. మందు ఏంటంటే 24 రంగుల గళ్ళున్న అట్టని ఒకే వెలుగులో రెండు కెమెరాలతో తీసి, దాన్నిబట్టి ప్రొఫైల్ తయారుచేసుకోవాలి.

వేళ్ళు: నికాన్ లెన్సు ముందునుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే బిగుస్తుంది. సోనీ, కెనాన్ లెన్సులు ముల్లు తిరిగే వైపే తిప్పాలి. చీకట్లో, హడావుడిలో, చేతికి పాత అలవాటే వస్తుంది. అదృష్టం ఏంటంటే మోడ్ డయల్ మీద ఏ, ఎస్ అక్షరాలు నికాన్‌లో, సోనీలో ఒకటే. కెనాన్ నుంచి వచ్చేవాళ్ళు అది కూడా కొత్తగా నేర్చుకోవాలి.

ఏమీ మారనివి కూడా ఉన్నాయి. ఎస్‌డీ కార్డులు పనికొస్తాయి. 77 ఎంఎం ఫిల్టర్లు చిన్న రింగు పెట్టుకుంటే పనికొస్తాయి. ట్రైపాడ్ పనికొస్తుంది, ఎందుకంటే దాని స్క్రూ పావు అంగుళం, ఏ కంపెనీ కెమెరాకైనా అదే.

లెక్క తేలిన చోటు

మొత్తం కలిపి ఒక చిన్న సూత్రం రాసుకున్నాం. మారే ఖర్చు అంటే కొత్త సామాను ధరలోంచి పాతది అమ్మితే వచ్చేది తీసేసి, దానికి ట్రిగ్గర్, బ్యాటరీల ఖర్చు కలిపి, పైన అలవాటయ్యేదాకా నెమ్మదిగా సాగే పని కూడా కలపాలి. చివరిదానికి రూపాయల్లో అంకె రాదు. కానీ పెళ్ళిళ్ళ సీజన్ మధ్యలో మారితే అది పెరుగుతుంది, మూఢంలో మారితే తగ్గుతుంది. మామ మూఢం రోజులే ఎంచుకున్నాడు.

ఒంటరిగా పనిచేసే మనిషికైతే నేను నికాన్ జెడ్ అనే చెప్పేవాణ్ణి. రెండు జూములు నిలబడతాయి కదా. కానీ మామ ఒంటరిగా పనిచేయడు. ఆయనతో పాటు వీడియో తీసే అతను, సీజన్‌లో లెన్సు ఇచ్చి పుచ్చుకునే ఆత్మకూరు స్నేహితులు అందరూ సోనీలో ఉన్నారు. ఒక లెన్సు కింద పడి పగిలితే, తెల్లవారి ముహూర్తానికి ఇంకోటి అరువు దొరికేది ఆ మౌంట్‌లోనే. కాగితం మీద సున్నా వచ్చిన సోనీకి ఇక్కడ మార్కులు పడ్డాయి. మనం దీన్ని నెట్‌వర్క్ ఎఫెక్ట్ అంటాం. మామ దాన్ని "నలుగురితో పాటు నారాయణా" అన్నాడు.

సోనీ వైపు ఇంతమంది చేరడానికి ఒక పాత కారణం కూడా ఉంది. 2011లో సోనీ తన ఈ మౌంట్ ప్రాథమిక వివరాలని లెన్సులు చేసే కంపెనీలకి ఫీజు లేకుండా ఇస్తానని చెప్పింది. సిగ్మా, టామ్రాన్ లాంటివాళ్ళు ఆ మౌంట్‌కి తక్కువ ధరలో లెన్సులు చేయగలిగారు. అదే ఒప్పందాన్ని మూసి ఉంచితే లెన్సు ధర ఒక్కరి చేతిలోనే ఉంటుంది. పెద్ద సంస్థలు కూడా ఇలా మొత్తంగా మారాయి. అసోసియేటెడ్ ప్రెస్ 2020లో తన ఫోటో, వీడియో జర్నలిస్టులందరికీ సోనీ సామానే ఇస్తామని ప్రకటించింది. వాళ్ళు అందరికీ ఒకేసారి కొనివ్వగలరు. ఏ.ఎస్.పేట స్టూడియో అలా కొనలేదు. అందుకే దాని దారి వేరు.

చివరికి తేలిన దారి ఇది. ముందు ఒక ఏ7 థ్రీ అద్దెకి తెచ్చి రెండు చిన్న ఫంక్షన్లు పాత కెమెరా మెళ్ళో ఉండగానే తీయడం. నచ్చితే ఒక బాడీ, టామ్రాన్ 28–75 ఎఫ్/2.8 ఒక్క జూము. 24–120 అమ్మేయడం, ఎందుకంటే కొత్త జూము చేసే పని, అది చేసే పని చాలావరకు ఒకటే. 50, 85 డీ లెన్సులు అమ్మకూడదు. అమ్మితే వచ్చేది తక్కువ, డీ750 మీద మాత్రం అవి ఇప్పటికీ పూర్తిగా పనిచేస్తాయి. కాబట్టి డీ750, ఆ రెండు లెన్సులు, 70–200 కలిసి రెండో కెమెరాగా ఉంటాయి. వీడియో, చీకటి సోనీకి. పగటిపూట పోర్ట్రెయిట్లు, దూరం నుంచి తీసేవి నికాన్‌కి. రంగుల అట్ట రెండిటికీ కాపలా. సోనీకి దూరపు లెన్సు వచ్చే సీజన్ డబ్బుతో, అప్పుతో కాదు.

మీలో ఎవరైనా కాలేజీ ఫెస్ట్ ఫోటోల కోసం మొదటి కెమెరా కొనబోతుంటే, బాడీ రివ్యూలు చూసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ మౌంట్‌కి ఎన్ని కంపెనీలు లెన్సులు చేస్తున్నాయి? నా చుట్టూ ఎవరు ఈ మౌంట్ వాడుతున్నారు? రేపు బయటికి రావాలంటే నాతో ఏం తీసుకురాగలను? బాడీ నాలుగైదేళ్ళకి పాతబడుతుంది. లెన్సు మాత్రం చాలాకాలం ఉంటుంది, అది ఎవరి తలుపులో పడుతుందో ముందే చూసుకుని కొనండి.